సునాదమా? వట్టి మ్రోతా?

(రేడియో ప్రసంగమునకు అక్షరరూపము)
ధ్యానము కొరకు: లేవీయకాండము 25:8-10, 1 కొరింథీయులకు 14:7-9



హైదరాబాదులోని జూబిలీహిల్స్ పేరు వినని తెలుగువారు ఉండరు. సినిమా తారల ఇండ్లు, స్టూడియోలు, ఆ పక్కనే ఫిలింనగర్. ఆ గుట్టలకు ఆ పేరు ఏ కారణము చేత వచ్చినా, 'జూబిలీ' అనే మాట మాత్రము మన బైబిలులో నుండి లోకములోనికి వెళ్ళిన మాట. హెబ్రీ భాషలో 'యోబేలు' అంటే పొట్టేలు కొమ్ము. ఏడేడులు నలభై తొమ్మిది సంవత్సరములు గడిచాక, యాబదియవ సంవత్సరమున, ఏడవ నెల పదియవ దినమున, అనగా ప్రాయశ్చిత్తార్థ దినమున, దేశమంతట కొమ్ము ఊదాలి. ఆ ధ్వని వినగానే దాసుడు స్వతంత్రుడై తన ఇంటికి వెళ్ళవచ్చు. అప్పుల పాలై పొలము పోగొట్టుకున్నవాడు తిరిగి తన పొలములో అడుగు పెట్టవచ్చు. మన తెలుగు బైబిలును తర్జుమా చేసిన పెద్దలు ఈ సంవత్సరమునకు ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి. దానిని 'సునాదము' అన్నారు. మంచి ధ్వని అని అర్థము.

ఒక్కసారి ఆలోచించండి. ఆ దినమున కొమ్ము ధ్వని కొండల మధ్య చిక్కుకొని, ఒకదానిమీద ఒకటి పడి, ఏమి ఊదారో తెలియని మ్రోతగా మారిపోతే? విడుదలైన దాసుడు తనకు విడుదల కలిగినదని తెలియక అక్కడే పనిచేస్తూ ఉండేవాడు కాదా?

ఈ దినము నేను మీతో ఊదే వాద్యమును గురించి, దానికి మనము చేర్చే ప్రతిధ్వనిని గురించి మాట్లాడాలని ఆశిస్తున్నాను. "అయ్యగారు వాక్యము విడిచి మిక్సర్ సంగతి ఎత్తుకున్నారేమిటి?" అనుకోవద్దు. దీనికి ఒక కారణమున్నది.

కొంతకాలము క్రితము ఫిలింనగర్ బస్తీలోని ఒక చిన్న సంఘమునకు వాక్యము చెప్పడానికి వెళ్ళాను. అక్కడ ఒక యౌవనస్థుడు ఎలక్ట్రానిక్ ఊదు వాద్యము వాయిస్తున్నాడు. చూడడానికి క్లారినెట్ వలె ఉన్నది. ఊదితే ఒకసారి వేణువు, ఒకసారి సాక్సోఫోను, ఒకసారి సన్నాయి వలె పలుకుతున్నది. ఆరాధనకు ముందు నేనే అతనితో అన్నాను: "తమ్ముడూ, ఇంకొంచెము ఎకో పెంచు, పెద్ద దేవాలయములో ఉన్నట్టు ఉండాలి." అతడు పెంచాడు. మిక్సర్ దగ్గర ఉన్న సహోదరుడు కూడ తన వంతు పెంచాడు. నేను ప్రసంగానికి లేచినప్పుడు ఆ ఎకో నా మైకుకు కూడ అట్లే ఉండిపోయినది. నాకది బాగానే అనిపించినది. నిజము చెప్పాలంటే, నా స్వరము నాకే గంభీరముగా వినిపించి సంతోషించాను.

ఆ దినము యోహాను 11వ అధ్యాయము నుండి, లాజరును పోగొట్టుకున్న అక్కచెల్లెండ్ర దుఃఖమును గురించి చెప్పాను. ఆరాధన ముగిసిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ మెల్లగా నా దగ్గరకు వచ్చి చేతులు జోడించినది. "పాటలు మంచిగున్నయ్ అయ్యగారు. మీరు ఏం చెప్పిన్రో మాత్రం ఒక్క ముక్క సమజ్ కాలే. నా కొడుకు పోయి నెలాయె. ఏమన్న ఒక్క మాట దొరుకుతదని వచ్చిన" అన్నది.

ప్రియులారా, ఆమె కొరకే దేవుడు ఆ వాక్యమును సిద్ధపరచాడేమో! నేను కోరి పెంచిన ఎకో దానిని మింగివేసినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుండి ఈ ప్రతిధ్వని చరిత్రను తెలుసుకోవడము మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

రాతి గోడల కాలము

ధ్వని ఒక సెకనులో సుమారు 340 మీటర్లు ప్రయాణము చేస్తుంది. గోడకు తగిలి తిరిగి వస్తుంది. 17 మీటర్ల దూరములో ఉన్న గోడ నుండి మన మాట మనకు తిరిగి చేరడానికి సెకనులో పదియవ వంతు పడుతుంది. అప్పుడు దానిని వేరే మాటగా గుర్తిస్తాము. దానినే ఎకో అంటాము. గోడలు, కప్పు, నేల అన్నిటినుండి వందలకొలది తిరుగుధ్వనులు ఒకదానితో ఒకటి కలిసిపోయి పొగవలె నిలిచిపోతే దానిని రీవెర్బ్ అంటారు. మనము మామూలుగా రెంటినీ ఎకో అనే పిలుస్తాము.

క్రీ.శ. 537లో కాన్‌స్టాంటినోపులులో కట్టిన హాగియా సోఫియా దేవాలయములో ఒక ధ్వని పూర్తిగా అణగిపోవడానికి పది సెకన్లకు పైగా పడుతుంది. అటువంటి చోట వేగముగా పాడితే ఒక మాట మరొక మాటను తొక్కివేస్తుంది. అందుకే పాతకాలపు పెద్ద దేవాలయములలో అక్షరములను సాగదీసి, నెమ్మదిగా పాడేవారు. ప్రసంగము చెప్పే బల్లమీద చెక్కతో ఒక చిన్న పందిరి వంటిది అమర్చేవారు. అది అందము కొరకు మాత్రమే కాదు. బోధకుని మాట పైకప్పులోనికి పోకుండ ప్రజలవైపు మళ్ళాలని.

మన తెలుగు నేలమీద మెదకు దేవాలయమును చూడండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజులలో వేలాదిమందికి పని, అన్నము దొరికేలా దానిని కట్టించగా, 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. దాదాపు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము. అంత పెద్ద మందిరములో మాట చెదరకుండ ఉండడానికి కప్పు లోపలి భాగమును ధ్వనిని పీల్చుకునే మెత్తని పదార్థముతో చేయించారని చెబుతారు. గమనించారా? ఆ కాలపు దైవజనులు ప్రతిధ్వనిని తగ్గించడానికి శ్రమపడ్డారు. ఈ కాలపు మనము దానిని పెంచడానికి డబ్బు ఇస్తున్నాము.

ఈ ప్రతిధ్వనిని మొదట శాస్త్రీయముగా కొలిచినవాడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వాలెస్ సబీన్. 1895లో అక్కడ ఒక ఉపన్యాసశాలలో ఎవరు ఏమి చెప్పినా అర్థము కావడము లేదు. ఒక్క మాట అయిదు సెకన్లకు పైగా గదిలోనే తిరుగుతున్నది. దానిని బాగు చేయమని సబీనుకు అప్పగించారు. ఆయన రాత్రివేళ, ఊరంతా సద్దుమణిగిన తరువాత, ఒక ఆర్గాను గొట్టమును ఊదించి, గాలి ఆపిన క్షణము నుండి ధ్వని పూర్తిగా వినబడకుండ పోయేవరకు గడియారముతో కొలిచేవాడు. పక్కనున్న నాటకశాల నుండి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, ఒక్కొక్కటి పెడుతూ మళ్ళీ కొలిచేవాడు. దిండ్లు పెరిగేకొద్దీ ప్రతిధ్వని తగ్గినది. ఆయన కనుగొన్న మరొక సంగతి ఏమిటంటే, ఒక మనిషి కూర్చున్నా దిండ్లు పెట్టినట్టే, అతని శరీరము, బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి. ఈ లెక్కలతోనే బోస్టను నగరములో సింఫనీ హాలును రూపొందించగా అది 1900లో ప్రారంభమైనది. నేటికీ ప్రపంచములోని మేలైన సంగీతశాలలలో ఒకటిగా దానిని ఎంచుతారు.

గోడలు లేని గది

తరువాత రేడియో, గ్రామఫోను వచ్చాయి. మైకు నోటి దగ్గరకు వచ్చినది. రేడియో గది గోడలకు మెత్తని పలకలు బిగించారు. నేను మాట్లాడే గది కూడ అట్టిదే. లోపల చప్పట్లు కొడితే ఎండిన కట్టె విరిగినట్టు వినిపిస్తుంది. ఎందుకంటే వినేవాని ఇంటికి దాని గోడలు దానికున్నాయి. 1970 నుండి 2003 వరకు సీషెల్స్ దీవులలో నుండి ఫీబా రేడియో షార్ట్‌వేవ్ ప్రసారములు జరిగేవి. ఆ ధ్వని సముద్రము దాటి, హెచ్చుతూ తగ్గుతూ, గరగరమంటూ మన గ్రామాలకు చేరేది. విన్న పెద్దలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. అంత దూరము రావలసిన మాటకు మనమే ఇక్కడ ఎకో చేర్చితే అది ఏమైపోతుంది?

కాని సంగీతమునకు వచ్చేసరికి ఆ పొడిధ్వని ప్రాణము లేనట్టు అనిపించినది. 1935లో లారెన్స్ హామండ్ ఎలక్ట్రిక్ ఆర్గానును అమ్మకానికి తెచ్చాడు. గొట్టముల ఆర్గాను కొనలేని ఎన్నో సంఘములు దానిని కొన్నాయి. అయితే పెద్ద రాతి దేవాలయములో విన్న ఆర్గాను ధ్వని చిన్న మందిరములో రావడము లేదని కొన్నవారికి వెలితి కలిగినది. దానికి సమాధానముగా ఆయన ధ్వనిని స్ప్రింగుల గుండా పంపించి ప్రతిధ్వని పుట్టించే పరికరమును తయారుచేశాడు. అనగా ఈ కృత్రిమ ప్రతిధ్వని చరిత్రలో మన చిన్న చిన్న సంఘములకు కూడ పాలు ఉన్నది.

1947లో చికాగోలో బిల్ పుట్నమ్ అనే రికార్డింగు ఇంజనీరు మరొక పని చేశాడు. మౌత్ ఆర్గాన్‌లు వాయించే బృందమునకు రికార్డు చేస్తూ, బాత్‌రూములో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టి, నున్నని గోడలకు తగిలి వచ్చిన ధ్వనిని పాటలో కలిపాడు. ఆ రికార్డు ఎంతో పేరు పొందినది. చూశారా, అక్కడ కూడ ఊపిరితో పలికే వాద్యమే! 1957లో జర్మనీ దేశపు ఈ.ఎం.టి. కంపెనీ పెద్ద ఉక్కు రేకును చట్రములో వ్రేలాడదీసి, అది కంపించే ధ్వనిని రీవెర్బ్‌గా వాడే యంత్రమును తెచ్చినది. దాని బరువు దాదాపు 270 కిలోలు. నేటికీ ఎలక్ట్రానిక్ వాద్యములలో 'ప్లేట్' అని కనిపించే పేరు ఆ ఉక్కు రేకుదే. 1976లో అదే కంపెనీ అంకెల లెక్కలతో పనిచేసే డిజిటల్ రీవెర్బ్ తయారుచేసినది. అప్పటి నుండి గది అక్కరలేదు, రేకు అక్కరలేదు.

మద్రాసు నుండి ఫిలింనగరుకు

సరిగ్గా ఆ 1976వ సంవత్సరమే, జనవరి నెలలో, అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియోస్ హైదరాబాదులో ప్రారంభమైనది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైనది. తరువాత తెలుగు సినిమా ఎన్నో ఏండ్లు మద్రాసులో పెరిగినది. అక్కడి నుండి వచ్చి, బండరాళ్ళు, ముళ్ళకంపలు తప్ప మరేమీ లేని 22 ఎకరముల గుట్టమీద ఒక స్టూడియో లేచినది. కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో, ఫిలిం ఛాంబరు ఒక్కొక్కటి ఆ గుట్టలమీదికి చేరాయి. షూటింగులు ఇక్కడికి వచ్చినా పాటల రికార్డింగు మాత్రము చాలాకాలము మద్రాసులోనే జరిగేది. 1986లో కృష్ణగారి 'సింహాసనం' 70 ఎం.ఎం. తెరతో, ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో వచ్చినప్పుడు, ధ్వని నాలుగు దిక్కుల నుండి చుట్టుముట్టడము తెలుగు ప్రేక్షకులకు రుచి తెలిసినది. కంప్యూటర్లు వచ్చాక ఫిలింనగర్, కృష్ణానగర్ వీధులలో పడకగదులే రికార్డింగు గదులయ్యాయి. మన క్రైస్తవ గీతాల కేసెట్లు, సీడీలు, ఇప్పుడు యూట్యూబులో వచ్చే పాటలు కూడ ఎన్నో అట్టి గదులలోనే తయారైనవి.

సినిమా మన చెవులకు ఒక పాఠము నేర్పినది. అశరీరవాణి పలికితే ఎకో. దేవుడు మాట్లాడితే ఎకో. పాత సంగతి జ్ఞాపకము వస్తే ఎకో. అది కథ చెప్పడానికి వారు కనిపెట్టుకున్న గుర్తు. తప్పేమీ లేదు. కాని చూస్తూ చూస్తూ, ఎకో ఉంటేనే పరిశుద్ధత, ఎకో ఉంటేనే దేవుని సన్నిధి అని మనకు తెలియకుండానే నమ్మడము మొదలుపెట్టాము. ఆ దినము ఆ తమ్మునితో "పెంచు" అన్నది నేను కాదు, నాలోని సినిమా ప్రేక్షకుడు.

ఇందుకు వేరైన సాక్ష్యము కూడ సినిమాలోనే ఉన్నది. 1978లో విజయచందర్‌గారు క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' వచ్చినది. తరువాత దానిని అనేక భాషలలోనికి మార్చి, మిషనరీలు గ్రామగ్రామమునకు తీసుకొనివెళ్ళారు. ఊరి బయట పొలములో తెల్లని తెర కట్టి, చిన్న ప్రొజెక్టరుతో చూపించేవారు. అక్కడ గోడ లేదు, కప్పు లేదు. తిరిగి వచ్చే ధ్వని లేదు. అయినా ఎంతోమంది ఆ పొలములలో కూర్చొని కన్నీరు కార్చారు. మన ప్రభువు కూడ కొండమీద, సముద్రతీరమున దోనెలో కూర్చొని బోధించినవాడే గదా!

ఊపిరి లోపల, ధ్వని బయట

ఇప్పుడు ఆ తమ్ముని వాద్యము దగ్గరకు వద్దాము. ఊపిరితో నడిచే ఎలక్ట్రానిక్ వాద్యములు 1970లలో అమెరికాలో మొదలైనవి. 'లిరికాన్' అనేది వాటిలో ముందుది. నైల్ స్టైనర్ అనే ట్రంపెట్ వాద్యకారుడు కనిపెట్టిన వాద్యమును 1987లో జపానుకు చెందిన అకాయ్ కంపెనీ 'ఈవీ' అనే పేరుతో విడుదల చేసినది. అదే సంవత్సరము యమహా కంపెనీ 'డబ్ల్యు.ఎక్స్.7' తెచ్చినది. 2016లో రోలాండ్ కంపెనీ 'ఏరోఫోన్' వచ్చినది.

వీటి పనితీరు వింతైనది. వేణువులో ఊదితే వెదురు లోపలి గాలి కంపించి పలుకుతుంది. ఇందులో ఆ గాలి పలకదు. ఊపిరి ఎంత బలముగా వస్తున్నదో ఒక సెన్సారు కొలుస్తుంది. వ్రేళ్ళు ఎక్కడున్నాయో మీటలు తెలుపుతాయి. ఆ లెక్కనుబట్టి ధ్వని విద్యుత్తుగా పుట్టి నేరుగా తీగ గుండా మిక్సరుకు చేరుతుంది. దాని చుట్టు గది లేదు. అందుచేత అది మొదట ఎండిపోయినట్టు వినిపించడము సహజము. ఈ వెలితి తీర్చడానికే చాలా వాద్యములలో రీవెర్బ్, డిలే, కోరస్ లోపలే పెట్టారు. 270 కిలోల ఉక్కు రేకు చేసిన పని ఇప్పుడు ఒక బటను చేస్తున్నది. ఒకప్పుడు మేస్త్రీలు, శాస్త్రవేత్తలు మోసిన భారము ఈ దినము మన సంఘములోని పిల్లవాని బొటనవ్రేలి మీదికి వచ్చినది. అతనికి దానిని నేర్పించే బాధ్యత పెద్దలమైన మనదే.

సరిచేసుకొనే విధము

మొదటిది, ప్రతిధ్వని ఒక్కచోటనే చేర్చండి. వాద్యములో ఒకటి, మిక్సరులో ఒకటి, మందిరపు గోడలది ఒకటి, మూడూ కలిస్తే మిగిలేది మ్రోతయే. మిక్సరులో వాడదలచుకుంటే వాద్యములోనిది పూర్తిగా ఆపివేయండి.

రెండవది, పాట వేగమునుబట్టి నిడివి పెట్టండి. చప్పట్లు కొట్టి పాడే పాటకు ఒక సెకను, ఒకటిన్నర సెకను చాలు. నెమ్మదియైన ప్రార్థన గీతమునకు రెండు సెకన్లు, ఆ పైన కొంచెము ఉండవచ్చు. 'హాల్' అనే పేరు చూసి మోసపోవద్దు. మన రేకుల మందిరమునకు 'రూమ్' లేక 'ప్లేట్' తగిన దినములు ఎక్కువ.

మూడవది, 'ప్రీ-డిలే' అనే అమరిక ఉంటే 20 నుండి 40 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. ముందు ఊపిరి తాకిడి స్పష్టముగా వినబడి, ఆ తరువాత ప్రతిధ్వని వస్తుంది. 'డిలే' వాడితే అది తాళముతో కలవాలి, ఒకటి రెండుసార్లకు మించి తిరిగి రాకూడదు.

నాలుగవది, హెడ్‌ఫోనులో విని నిర్ణయించవద్దు. ఒకరు వాయిస్తుండగా మరొకరు చివరి వరుసలో, ఆ పెద్దమ్మ కూర్చున్న చోట కూర్చొని వినాలి. ఖాళీ మందిరము వేరు, నిండిన మందిరము వేరని సబీను చూపించాడు గదా. విశ్వాసులు వచ్చి కూర్చున్నాక మరల ఒకసారి సరిచూడండి. ప్రతిధ్వని వినిపించేంతవరకు పెంచి, అక్కడి నుండి కొంచెము తగ్గించండి. ఉన్నదని తెలియకూడదు, తీసివేస్తే మాత్రము లోటు తెలియాలి.

అయిదవది, వాక్యము చెప్పే మైకుకు ఎకో వద్దు. ప్రకటనలకు వద్దు. లేఖన పఠనమునకు అసలే వద్దు.

మెల్లని స్వరము

ప్రియులారా, అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాస్తూ పిల్లనగ్రోవిని, వీణను, బూరను ఉదాహరణగా తీసుకున్నాడు. స్వరములలో భేదము తెలియకపోతే ఏమి వాయించారో ఎవరికి తెలుస్తుంది, బూర స్పష్టముగా మ్రోగకపోతే యుద్ధమునకు ఎవరు సిద్ధపడతారు అని అడిగాడు. ఆ మాట భాషలను గురించి చెప్పినదే అయినా, వినేవాడు గ్రహించాలి అనే దాని సారము మన స్పీకర్లకు కూడ చెల్లుతుంది.

ఏలీయాను తలంచుకోండి. హోరేబు కొండమీద బలమైన గాలి వీచినది, భూమి కంపించినది, అగ్ని వచ్చినది. వాటిలో యెహోవా లేడు. ఆ తరువాత మెల్లని స్వరము వచ్చినది. ప్రవక్త దుప్పటితో ముఖము కప్పుకొని గుహ వాకిట నిలిచాడు. సినిమా అయితే ఆ స్వరమునకు కొండంత ఎకో పెట్టేవారు. దేవుడు పెట్టలేదు.

సంగీతము వద్దని నేను అనడము లేదు. సొలొమోను మందిర ప్రతిష్ఠలో నూట ఇరువదిమంది యాజకులు బూరలు ఊదారు, గాయకులు వారితో ఏకస్వరముగా పాడారు. అప్పుడు ఆ మందిరము మేఘముతో నిండినది. వాద్యము, ప్రతిధ్వని, రెండూ దేవుడు ఇచ్చినవే. అవి మాటకు దాసులుగా ఉన్నంతవరకు సునాదము.

ఆ పెద్దమ్మ ఇంటికి మరుసటి వారము వెళ్ళాను. ఆ తమ్ముడు కూడ నాతో వచ్చాడు. మైకు లేదు, వాద్యము లేదు. ఒక చిన్న గది, ఒక మంచము, గోడకు ఆమె కుమారుని ఫోటో. యోహాను 11వ అధ్యాయము మెల్లగా చదివాను. యేసు కన్నీరు విడిచిన చోటికి వచ్చేసరికి ఆమె, "గీ ముచ్చటనే ఆ దినం చెప్పిన్రా అయ్యగారు?" అని అడిగినది. "అవునమ్మా, ఇదే చెప్పాను" అన్నాను. ఆ తమ్ముడు తల వంచుకొన్నాడు. నేనూ తల వంచుకొన్నాను. తరువాతి ఆదివారము అతడు తానే చివరి వరుసలో కూర్చొని, విని, లేచి వచ్చి బటను తగ్గించాడు.

ప్రార్థన చేద్దాము. పరలోకపు తండ్రీ, విడుదల వార్తను మా నోటికి, మా వాద్యములకు అప్పగించినందుకు నీకు స్తోత్రము. మా స్వరము మాకు ఇంపుగా ఉండాలనే ఆశను మాలో నుండి తీసివేయుము. చివరి వరుసలో కూర్చున్నవారు నీ మాట వినునట్లు మాకు వివేకము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.